రాయిలో నీళ్ళు లేవన్న వరదప్ప

ప్రతిరోజూ ఉదయం తొమ్మిదికి పది నిమిషాలుండగా వరదప్ప జియాలజీ ల్యాబ్ తాళం తీసి, చెప్పులు మూలకు విడిచి, మూడు గిన్నెల క్యారియర్‌ను ఓవెన్‌లో పెట్టేవాడు. పై గిన్నెలో రాగిముద్ద, నడిమి గిన్నెలో ఉలవచారు, కింది గిన్నెలో ఏదో ఒక వేపుడు. మీట డెబ్బై దగ్గర తిప్పి, తలుపు మూసి, దాని మీద ఎర్ర సిరాతో రాసిన అట్టముక్క తగిలించేవాడు. ‘పరీక్ష జరుగుతున్నది, తెరవరాదు.’ ఒంటిగంటకు ఆ పరీక్ష ముగిసేది. ముద్ద పొగలు కక్కుతూ బయటికి వచ్చేది.

ఆ ఓవెన్ కాలేజీ కొన్నది రాతిపొడి ఎండబెట్టడానికి. ఈ సంగతి డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. వరదప్ప భార్య కాలేజీ కరెస్పాండెంటుకు సొంత చెల్లెలు. హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే హైవే పక్కనున్న ఆ ప్రైవేటు కాలేజీలో అంతకు మించిన డిగ్రీ ఎవరికీ లేదు. నేను అక్కడి లైబ్రరీలో రెండేళ్ళు పనిచేశాను. లైబ్రరీకీ ల్యాబ్‌కీ మధ్య ఒక్క గోడ. దానికొక కిటికీ. అందువల్ల వరదప్ప గొంతు నాకు పుస్తకాల కంటే ఎక్కువ అలవాటైంది.

అతని ఉద్యోగం పేరు ల్యాబ్ అసిస్టెంటు. బల్ల మీద ఇత్తడి పలకలో మాత్రం ‘జి. వరదప్ప, ల్యాబ్ సూపరింటెండెంట్’ అని ఉండేది. ఆ పలక అతనే చేయించుకున్నాడు. కొత్త విద్యార్థులు సూపరింటెండెంట్ సార్ అని పిలిస్తే ఆ సంవత్సరం వాళ్ళకు మైక్రోస్కోపు దీపం వెలిగేది. పిలవకపోతే బల్బు కాలిపోయిందని చెప్పేవాడు.

న్యాయంగా చెప్పాలంటే ఒకప్పుడు అతనికి ఒక పని బాగా వచ్చు. సూళగిరి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ షెడ్డులో పదకొండేళ్ళు చేశాడు. పలక మీద వెంట్రుకంత పగులుంటే దాన్ని జిగురుతో పూడ్చాలి. పూడ్చే ముందు పగుల్లో తేమ లేకుండా చేయాలి. మిగతావాళ్ళు పలకను ఒక పూట ఎండలో పెట్టేవాళ్ళు. వరదప్ప గ్యాస్ మంటతో రాయిని ఎర్రగా కాల్చినంత పని చేసి, చల్లారాక జిగురు పట్టించేవాడు. అతను పూడ్చిన పగులు మళ్ళీ విచ్చుకోలేదని షెడ్డులో పేరు. గ్రానైట్ గట్టిది. ఎంత కాల్చినా దానిలోంచి పోయేది దాదాపు ఏమీ లేదు కాబట్టి నష్టమూ లేదు. ఆ పదకొండేళ్ళలో వరదప్ప ఒకే ఒక పాఠం నేర్చుకున్నాడు. ఎండబెట్టడమంటే కాల్చడం. ఆ పాఠం పట్టుకుని ఇరవైమూడేళ్ళు ల్యాబ్‌లో కూర్చున్నాడు. బావ ఉన్నాడు కాబట్టి రెండో పాఠం అవసరం రాలేదు.

రాళ్ళ గురించి అతనికి గట్టి అభిప్రాయాలుండేవి. గ్రానైటే రాయి, మిగతావన్నీ మన్ను. సున్నపురాయి సోమరివాళ్ళ రాయి. ఇసుకరాయిని రాయి అనడం రాయికి అవమానం. ఈ మాటలు అతను పిల్లలకు చెప్తుంటే హెడ్ ధనశేఖర్ పక్కనే నిలబడి తల ఊపేవాడు. ధనశేఖర్ పీహెచ్‌డీ చేసినవాడు. రాళ్ళ మీద పద్దెనిమిది వ్యాసాలు అచ్చయ్యాయి. తల ఊపడం మాత్రం ఆ చదువుతో రాలేదు, ఆ కాలేజీలో చేరాక నేర్చుకున్నాడు.

ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో వినుత అనే అమ్మాయి ఉండేది. బాగలూరు పక్క ఊరు. తండ్రి లింగప్పకు అరవై గొర్రెలు, ఎకరమున్నర చేను. ఆ ఇంట్లో ఇంటర్ దాటింది ఆమె ఒక్కతే. బెంగళూరులో ఒక పరిశోధన సంస్థ ఆమె దరఖాస్తు చూసి, ప్రాజెక్టు నివేదిక బాగుంటే పీహెచ్‌డీకి తీసుకుంటామని రాసింది. లేకపోతే మే నెలలో మేనమామ కొడుకుతో పెళ్ళి. లింగప్ప చెడ్డవాడు కాదు. ‘నువ్వు గెలిస్తే చదువుకో, ఓడితే నా మాట వినాల’ అని ముందే ఒప్పందం చేసుకున్నాడు. అంటే ఆ అమ్మాయికి రాబోయే ముప్పై నలభై ఏళ్ళు ఒక నివేదిక మీద ఉన్నాయి. ఆ నివేదిక ఆరు రాళ్ళ మీద ఉంది.

ఆ ఆరు రాళ్ళూ ధనశేఖర్ ఒక యాత్రలో లడఖ్ నుంచి తెచ్చినవి. పచ్చగా, నున్నగా, తడిమితే సబ్బులా జారేవి. సర్పెంటైన్ రాళ్ళు. వినుత లైబ్రరీలో కూర్చుని చదువుకుంటూ నాకు చెప్పిన కథ ఇది. ఇండియాకూ ఆసియాకూ నడుమ ఒకప్పుడు సముద్రం ఉండేది. సముద్రపు అడుగున పగుళ్ళలోంచి నీళ్ళు కిందికి దిగి, భూమి లోపలి నల్లపచ్చ రాయిని తాకేవి. ఆ రాయి నీళ్ళను తాగి సర్పెంటైన్‌గా మారేది. తాగిన నీళ్ళు తడిగా కనబడవు. ఖనిజం కట్టుబడిలోనే అణువులుగా కలిసిపోయి ఉంటాయి. నూరు గ్రాముల రాయిలో పదమూడు గ్రాములు నీళ్ళే. తర్వాత ఆ సముద్రపు అడుగు పక్కనున్న భూఫలకం కిందికి జారి భూమిలోకి దిగింది. దిగేకొద్దీ వేడి, బరువు. మొదట సర్పెంటైన్ తన రూపం మార్చుకుని, వేడికి ఓర్చుకునే ఇంకో రకం సర్పెంటైన్ అవుతుంది. దాని పేరు యాంటిగొరైట్. ఇంకా దిగితే అదీ ఓర్చుకోలేదు. విరిగి మళ్ళీ నీళ్ళు లేని ఖనిజాలవుతుంది. విడిచిన నీళ్ళు పైకి పోయి అక్కడి రాతిని కరిగిస్తాయి. అగ్నిపర్వతాలు పుట్టేది అలాగే.

“ఇవి అంత లోపలికి పోయి మళ్ళీ పైకొచ్చిన రాళ్ళక్కా” అంది వినుత. “ఒకటో రాయి కొంచెం దూరమే పోయింది. ఆరోది చాలా లోతుకు పోయింది. ఏది ఎన్ని నీళ్ళు మిగుల్చుకుందో కొలిస్తే ఏది యాడిదాకా పోయిందో చెప్పొచ్చు.”

కొలిచే పద్ధతి కష్టమైంది కాదు. రాతిని పొడి చేయాలి. నూటపది డిగ్రీల ఓవెన్‌లో ఎండబెడితే గాలి నుంచి పట్టిన పైతేమ పోతుంది. అప్పుడు తూచాలి. తర్వాత ఫర్నేస్‌లో వెయ్యి డిగ్రీలకు కాల్చి మళ్ళీ తూచాలి. తగ్గిన బరువే రాయి లోపలి నీళ్ళు. మూడు అంకెలు రాసుకోగలిగిన ఎవరైనా చేస్తారు. కానీ ఆ ల్యాబ్‌లో ఓవెన్, ఫర్నేస్, తూకం వరదప్ప తప్ప ఎవరూ ముట్టకూడదు.

వినుత ఆరు పొట్లాలు తీసుకుపోయిన రోజు కిటికీ తెరిచే ఉంది.

“సార్, ముందు నూటపదిలో రెండు గంటలు ఎండబెట్టాల సార్.”

“నాకు చెప్తావామ్మా ఎండబెట్టేకి? నువ్వు పుట్టకముందు నుంచి రాళ్ళు ఎండబెడ్తా ఉండాను.”

“కాదు సార్, ఈ రాయిలో లోపల నీళ్ళుంటాయి. జాగ్రత్త...”

వరదప్ప నవ్వాడు. “రాయిలో నీళ్ళేంటమ్మా? టెంకాయ అనుకున్నావా? బావి తవ్వితే నీళ్ళు. రాయి తవ్వితే రాయి. మీ నాయన గొర్రెల్నడుగు, అవి కూడా చెప్తాయి.”

“పుస్తకంలో ఉంది సార్.”

“పుస్తకంలో ఉండేదంతా ఈడ ఉంటే నేనెందుకు? పొట్లాలు ఆడ పెట్టి పో. సోమవారం రా.”

వినుత పోయింది. సమయం పదకొండు. ఓవెన్‌లో క్యారియర్ ఉంది. రాతిపొడి కోసం ఉలవచారు చల్లారబెట్టుకునే మనిషి కాదు. అతను ఆరు పొట్లాలూ ఆరు మూసల్లో, అంటే వేడికి పగలని పింగాణీ గిన్నెల్లో, పూర్తిగా ఒంపి, సరాసరి ఫర్నేస్‌లో పెట్టి తలుపు మూశాడు. అంతకుముందు వచ్చిన గ్రానైట్ పొడులనూ ఏళ్ళ తరబడి అలాగే ఎండబెట్టాడు. గ్రానైట్ చెప్పుకోలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

సోమవారం వినుత చేతికి ఒక కాగితం వచ్చింది. ఎండిన బరువు, కాలిన బరువు, తేడా. ఆరు రాళ్ళకూ నూటికి అర గ్రాము కూడా తగ్గలేదు. ఎండబెట్టిన వేడి ఎంతో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. కాగితంతో పాటు మూసలూ, ఎండబెట్టాక కాల్చకుండా మిగిలిన కాస్త పొడీ ఇచ్చాడు. బూడిదపచ్చగా పోయిన పొడి ఇటుకరంగుతో తిరిగొచ్చింది.

“సార్, కాల్చక ముందే రంగు మారిందా?”

“మారదా మరి? మిరపకాయ ఎండితే రంగు మారదా? చింతపండు మారదా? ఎండితే ఏదైనా మారుతుంది. ఇది కూడా మీ పుస్తకంలో లేదా?”

“ఎంత వేడిలో ఎండబెట్టినారు సార్?”

“ఎంత కావాలో అంత.”

“ఆ గడి నింపాల సార్. నివేదికలో రాయాల.”

“నా మీద విచారణ పెడ్తావా? పోయి కరెస్పాండెంటునడుగు. ఇంటికి పోయి నేనే చెప్తాలే ఆయనకు, ఇట్లొక అమ్మాయి వచ్చిందని.”

ఇక్కడిదాకా వరదప్ప చేసింది ఒట్టి మూర్ఖత్వం. దాని తర్వాత జరిగింది ఇంకా నీచమైంది. అది చేసింది చదువుకున్నవాడు. ధనశేఖర్ కాగితం చూశాడు, కాల్చని ఆ పొడి చూశాడు. రాళ్ళ మీద పద్దెనిమిది వ్యాసాలు రాసిన మనిషికి ఆ ఇటుకరంగు అర్థం కాకుండా ఉండదు. ఒక నిమిషం కిటికీ వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

“అద్భుతం వినుతా. ఆరు రాళ్ళూ నీళ్ళన్నీ పోగొట్టుకున్నాయి. అంటే అన్నీ చాలా లోతుకు పోయినాయన్నమాట. సంపూర్ణ నిర్జలీకరణం. పెద్ద ఫలితం. అట్లే రాసెయ్.”

“సార్, రేకుల్లో వేరేగా ఉంది.”

రేకులంటే గాజు మీద అతికించి వెలుతురు దూరేంత పల్చగా అరగదీసిన రాతిముక్కలు. వాటిని రెండు నెలల ముందే బెంగళూరులో చేయించారు. వరదప్ప చేయి వాటికి తగల్లేదు. మైక్రోస్కోపు కింద ఒకటో రాయి రేకు నిండా సర్పెంటైన్ వలలా అల్లుకుని ఉంది. నీళ్ళు లేని రాయిలో అది ఉండటానికి వీల్లేదు.

“రేకులు చిన్న ముక్కలమ్మా. మొత్తం రాయికి అవి సాక్ష్యం కాదు” అన్నాడు ధనశేఖర్. “వైవాకు ఇంకా పన్నెండు రోజులుంది. పెద్ద ఫలితం ఉంటే బెంగళూరువాళ్ళు సంతోషంగా తీసుకుంటారు. ఎందుకు చెప్పు లేనిపోని తగాదా?”

ఇది మామూలు బెదిరింపైతే ఎదిరించడం తేలిక. ఆయన చూపించింది ఆశ. తప్పుడు అంకెలు నిజమైనవాటి కంటే గొప్పగా కనబడుతున్నాయి. రాస్తే సీటు రావచ్చు, పెళ్ళి ఆగవచ్చు. వినుత ఆ సాయంత్రం లైబ్రరీ మూసేదాకా కూర్చుంది. ఒక్క పేజీ తిప్పలేదు.

“రాసేస్తానక్కా” అంది చివరికి. పుస్తకం మూస్తూ తానే మళ్ళీ అంది. “రాస్తే ఆ ముసలాయన చెప్పిందే నిజమవుతుంది కదా. రాయిలో నీళ్ళు లేవని.”

ఆమెను ఆపింది సత్యం మీద ప్రేమ అని చెప్తే బాగుంటుంది. కానీ నేను చూసింది వరదప్ప మీద అసహ్యం. అదీ ఒక్కోసారి మంచి పనే చేస్తుంది.

రాళ్ళన్నీ నూరి చేసిన పొడి అంతా కాలిపోయింది. రాళ్ళలో మూడింటివి మాత్రం రేకులు కోయగా మిగిలిన గోరంత చెక్కులున్నాయి. ఒకటి, మూడు, ఆరు. కావలసింది వేడి లెక్కగా పెట్టే ఫర్నేస్, సన్నటి తూకం. హోసూరులో వినుత పిన్నమ్మ కొడుకు తిలక్ ఒక డెంటల్ ల్యాబ్‌లో పనిచేస్తాడు. కృత్రిమ దంతాలకు లోహపు తొడుగులు పోతపోసే చోటు. అచ్చుల్లోని మైనం కరిగించి కాల్చడానికి అక్కడ చిన్న ఫర్నేస్ ఉంటుంది. అంకె నొక్కితే అంతే వేడి, అంతే సేపు. పక్కనే మిల్లీగ్రాములు చూపే తూకం.

ఆదివారం వినుతతో పాటు నేనూ బస్సెక్కాను. బస్టాండు వెనక సందులో రెండో అంతస్తు. తిలక్ చెక్కులున్న పొట్లం విప్పి చూసి ఆమె వైపు చూశాడు.

“ఇది ఎవరి పన్నే?”

“పన్ను కాదన్నా, రాయి.”

“మా డాక్టరు పంపే అచ్చులు కూడా ఇట్లే ఉంటాయిలే. పాపా, మా ఓనరుకు తెలిస్తే నా పండ్లు నేనే చేసుకోవాల. ఎంత సేపు?”

“ముందు నూటపది, రెండు గంటలు. తూచి, తర్వాత వెయ్యి, ఒక గంట.”

“ముందెందుకు అంత తక్కువ? ఒకేసారి పెట్టేస్తే పోదా?”

“అట్ల పెట్టినోడి వల్లే ఈడికొచ్చినాను” అంది వినుత.

మూడు చెక్కులనూ విడివిడిగా నూరి మూడు మూసల్లో పెట్టారు. నూటపది తర్వాత పొడి పచ్చరంగు అలాగే ఉంది. తిలక్ టీ తెప్పించాడు. వెయ్యి డిగ్రీల తర్వాత మూసలు చల్లారేదాకా ఆగాం. తర్వాత తూకం. ఒకటో రాయి నూటికి పన్నెండుంబావు తగ్గింది. మూడోది పదకొండున్నర. ఆరోది నాలుగున్నర. వినుత అంకెలు రెండుసార్లు రాసుకుంది. రాళ్ళు తాము ఎంత లోతుకు పోయింది వరసగా చెప్పాయి. ఆరోది తన నీళ్ళలో చాలాభాగం భూమిలోనే వదిలేసి వచ్చింది. మిగతా రాళ్ళు దాచుకున్న నీళ్ళు మాత్రం మా కాలేజీలో పోయాయి.

నివేదికలో ఆమె రెండు పట్టికలూ వేసింది. మొదటిది కాలేజీ ల్యాబ్‌ది, ఆరు రాళ్ళు. రెండోది హోసూరు డెంటల్ ల్యాబ్‌ది, మూడు రాళ్ళు. మొదటి పట్టిక కింద ‘ఎండబెట్టిన ఉష్ణోగ్రత: తెలియదు’ అని ఉంది. ధనశేఖర్ అట్ట చూసి సంతకం పెట్టాడు. లోపల చదివే అలవాటు ఆయనకు ఎప్పుడో పోయింది.

వైవాకు బెంగళూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వినుతను తీసుకోవాల్సిన సంస్థలోనే పనిచేసేది. మాట తక్కువ. ఆమె అడిగిన రెండు పుస్తకాలు తీసుకుని నేను లోపలికి వెళ్ళేసరికి నివేదిక ఆ పేజీ దగ్గర తెరిచి ఉంది. ధనశేఖర్ ముఖంలో నెత్తురు లేదు.

“తెలియదు అంటే ఏంటమ్మా?” అందామె. “మీ ల్యాబే కదా?”

“నేను చేయలేదు మేడమ్. మా సార్ చేసినారు. అడిగితే చెప్పలేదు.”

“చెప్పని సార్‌ని పిలవండి.”

ధనశేఖర్ ఏదో అనబోయాడు. ఆమె చేయెత్తింది. వరదప్ప వచ్చాడు. తలకు నూనె రాసి, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుని వచ్చాడు. ఇరవైమూడేళ్ళలో ఒక బయటి పరీక్షాధికారి తనను పిలవడం అదే మొదలు. సన్మానానికి పిలిచినట్టుగా నిలబడ్డాడు.

“ఈ పొడులు మీరే ఎండబెట్టారా?”

“నేనే మేడమ్. ఈడ ఇంకెవరికీ రాదు.”

“ఎంతలో?”

ఈ ప్రశ్న వినుత అడిగినప్పుడు అతనికి కోపం వచ్చింది. పెద్ద మనిషి అడిగితే గర్వం వచ్చింది. “ఏడునూర్లలో పెట్టినాను మేడమ్. మూడు గంటలు. పిల్లలు నూటపది అంటారు. నూటపదిలో గోచీ కూడా ఎండదు. షెడ్డులో ఉన్నప్పటి నుంచి నా పద్ధతి ఇదే. ఒక్క చుక్క కూడా మిగిల్చేది లేదు.”

వినుత తల దించుకుంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో నాకు తెలియలేదు.

“నిజమే” అంది ఆ పెద్దావిడ. “ఒక్క చుక్క కూడా మిగల్చలేదు. అందరికీ ఇట్లాగే ఎండబెడతారా?”

“అందరికీ మేడమ్. ఎన్ని బ్యాచ్‌లో లెక్క లేదు. ఒక్కరికీ తేడా చూపలేదు.”

“సరే, పోయి రండి.”

వరదప్ప దండం పెట్టి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో బెంగళూరు మేడమ్ తన పద్ధతిని మెచ్చుకుందని, పిల్లలు కాదన్నది ఆమె ఒప్పుకుందని చెప్పాడు. నాలుగు రోజులు చెప్పాడు. విన్నవాళ్ళలో అతన్ని ఆపిన వాళ్ళు లేరు. నేనూ ఆపలేదు. ఐదో రోజు యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ ల్యాబ్‌లో తూచిన పాత ప్రాజెక్టుల అంకెలన్నీ మళ్ళీ పరిశీలించాలని, తాళాలు అర్హత ఉన్న అధ్యాపకుడి దగ్గర ఉండాలని. కరెస్పాండెంటుకు చెల్లెలు ముద్దే కానీ కాలేజీకి యూనివర్సిటీ గుర్తింపు అంతకంటే ముద్దు. వారం తిరక్కుండా ఫర్నేస్ తాళం, ఓవెన్ తాళం కాలేజీ ఆఫీసుకు చేరాయి. ధనశేఖర్‌కు ఏమీ కాలేదు. ఉత్తరం చదివి, ఎప్పటి నుంచో చెప్తున్నానని అన్నాడు.

వరదప్పకు చివరిదాకా తప్పేమిటో అర్థం కాలేదు. వినుత స్వయంగా పోయి చెప్పింది. కాగితం మీద గీసి చూపించింది. అతను శ్రద్ధగా చూసి అన్నాడు. “అంతా సరేమ్మా. కానీ రాయిలో నీళ్ళుంటే చేతికి తగలాల కదా?” తర్వాత ఇంకో మాట అన్నాడు. “రాయి గురించి తెలీనోళ్ళ దగ్గర పనిచేసే ఖర్మ నాకేల?” మరుసటి రోజు రాజీనామా ఇచ్చి, ఇత్తడి పలక ఊడదీసుకుని వెళ్ళిపోయాడు.

వినుతకు సీటు వచ్చింది. మే నెలలో పెళ్ళి జరగలేదు. లింగప్ప ఒప్పందానికి కట్టుబడ్డాడు.

వరదప్పకు ఇప్పుడు యాభైతొమ్మిదేళ్ళు. సూళగిరిలో ఒక పాలిషింగ్ షెడ్డులో పగలు షిఫ్టుకు పోతున్నాడు. మునుపటిలాగే మంటతో కాల్చి పలకల పగుళ్ళు పూడుస్తాడు.